కాపరి లేని గొర్రెల ఆట

ఈ మధ్య మూడు కొత్త ఆటలు ఆడాను. రెండు తుపాకుల ఆటలు, ఒకటి రాజ్యాలు కట్టే ఆట. ఒక్కటీ నచ్చలేదు. బొమ్మలు మాత్రం బ్రహ్మాండం, గడ్డిపరక గాలికి ఊగడం కూడా కనిపిస్తుంది. తుపాకి పేలితే చెవులు గింగురుమంటాయి. అయినా గంట ఆడేసరికి విసుగొచ్చి మూసేస్తున్నాను. మార్కాపురంలో నేను చూసుకునే కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పిల్లలు "సార్‌కు వయసైపోయింది" అని ఎగతాళి చేస్తారు. వయసూ కాదు, వంకాయా కాదు. ఏ ఆట ముందు కూర్చున్నా మా బావ గుర్తొస్తాడు. ఆయన నాతో ఆడటం మానేసి రెండేళ్లయింది. మానిపించింది నేనే.

బావ అంటే మా మేనత్త కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. త్రిపురాంతకం దగ్గర పల్లెలో వాళ్లకు గొర్రెల మంద ఉంది. ఇంట్లో అందని సిగ్నల్ గుట్ట మీద బాగా అందేది. మధ్యాహ్నం మంద నీడన పడుకున్నప్పుడు అక్కడి నుంచి ఆయన, ల్యాబు నుంచి నేను, ఫోన్లలో కలిసి తుపాకుల ఆట ఆడేవాళ్లం. బావ చేతిలో వేగం తక్కువ. కానీ నేల తెలిసినవాడు. "ఆ వంకలో నుంచే వస్తారు చూడు బామ్మర్దీ, వంక వదిలి గుట్టెవడు ఎక్కుతాడు?" అనేవాడు. అక్కడి నుంచే వచ్చేవాళ్లు.

ఒకసారి గొర్రెల మందుల కోసం మార్కాపురం వస్తే, ల్యాబులో కూర్చోబెట్టి రాజ్యాల ఆట చూపించాను. అందులో మొదట్లో గొర్రెలు అక్కడక్కడా విడిగా నిలబడి ఉంటాయి. ఎవరి మనుషులు ముందు చూస్తే అవి వాళ్లవే. వాటిని కోసి జనానికి తిండి పెట్టి, ఆ జనంతో కోటలు కట్టాలి.

"ఏందిరా ఇది? ఈ గొర్లకు కాపరి లేడా? ఎవడు చూస్తే వానివైపోతాయా?" అన్నాడు బావ. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

ఎనిమిది గొర్రెలను వెతికి తెచ్చి ఒకచోట చేర్చాడు. చుట్టూ ఇళ్లు కట్టి దొడ్డిలా మూసి, ఒక మనిషిని కాపలా పెట్టాడు. ఒక్కదాన్నీ కోయలేదు. జనం పెరగలేదు, కోట లేవలేదు. శత్రువు వచ్చి ఊరంతా తగలబెట్టి పోయాడు. ఆ బూడిదలో బావ స్క్రీనుకు మొహం ఆనించి లెక్కపెట్టి, "ఎనిమిదీ ఉండాయి" అన్నాడు సంతోషంగా. నేను పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాను. సాయంత్రం మంద దొడ్డి చేరాక ఒక్కటి తగ్గినా, అది దొరికేదాకా వాళ్లింట్లో అన్నం ముట్టరు. ఆ సంగతి తెలిసీ నవ్వాను.

ఆ ఏడాదే మార్కాపురంలో ఒక ఫంక్షన్ హాల్లో తుపాకుల ఆట పోటీ పెట్టారు. జట్టుకు నలుగురు. నేను, బావ, మా ల్యాబు విద్యార్థులు ఇద్దరు. ఆ కప్పు మీద నాకెంత ఆశంటే, నెలరోజులు అదే మాట. చివరి ఆటదాకా వచ్చాం. ఆ ఆటలో గుండు తగిలినవాడు వెంటనే చావడు, మోకాళ్ల మీద పాకుతూ ఉంటాడు. తోటివాడు వచ్చి పక్కన కాసేపు కూర్చుంటే లేస్తాడు. చివర్లో మా జట్టులో ఇద్దరం మిగిలాం, నేను పడిపోయాను. బావ కొండ మీద మంచి చోట ఉన్నాడు. ఎదుటివాళ్లు ఇద్దరే. అక్కడే ఉంటే గెలుస్తాడు.

"రావద్దు బావా, అక్కడే ఉండు!" అని అరిచాను.

వచ్చాడు. వాలు దిగి, బయలు మీద పరుగెత్తి, నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం చచ్చాం. కప్పు పోయింది.

హాలంతా వింటుండగా అన్నాను: "గొర్లు కాసుకునేవాన్ని తెచ్చి ఆటలో కూర్చోబెట్టినా చూడు, నాదే బుద్ధి తక్కువ." కొందరు నవ్వారు. మా ల్యాబు పిల్లలు తలలు దించుకున్నారు.

బావ ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "పడింది నువ్వురా" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని బస్టాండుకు వెళ్లిపోయాడు.

తర్వాత గిద్దలూరులో చుట్టాలింట్లో పుట్టెంట్రుకలకు కలిశాం. "బాగుండారా" అన్నాడు. పుట్టినప్పటి నుంచి "రేయ్" అన్న నోరు. మా వైపు బావ బామ్మర్దిని "మీరు" అన్నాడంటే తలుపేసి గడియ పెట్టినట్టే. తిట్టినా బాగుండేది. అన్నం సహించక చెయ్యి కడుక్కుని లేచాను.

కొత్త ఆటల సంగతి చెబుతున్నాను కదా. వాటిలో ఒకదానిలో పడినవాడి సంచీ తోటివాడు తెరవచ్చు. మొన్న ఒక గోడ వెనక పడ్డాను. మా జట్టువాడు, ఎవరో ఏ ఊరో తెలియదు, మంచి ఆటగాడు, నా వైపు పరుగెత్తుకొచ్చాడు. ప్రాణం లేచొచ్చింది. వంగి, నా సంచీలోని గుళ్లూ మందులూ తీసుకుని వెళ్లిపోయాడు. ఆట గెలిచాడు కూడా. గెలిచినవాళ్ల పట్టికలో నా పేరూ పడింది. ఆ రోజు హాల్లో నేను అరిచి అరిచి అడిగింది ఇలాంటివాణ్నే. దొరికాడు. సిగ్గుతో ఫోను బోర్లా పెట్టేశాను.

పోయిన వారం మధ్యాహ్నం, మంద నీడన ఉండే వేళ చూసి బావకు ఫోను చేశాను. కానీ మేత కోసం మందను దర్శి వైపు తోలుకుపోతున్నాడట, దారిలో ఉన్నాడు. గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి.

"చెప్పండి" అన్నాడు.

"బావా, ఆ రోజు హాల్లో నేను..."

"ఒక్క నిమిషం ఉండండి." ఎవరినో కేకేశాడు. మళ్లీ నాతో, "ఒకటి కుంటతా వెనకబడిపోయింది. నేను వెనక్కి పోవాల. మీరేమనుకోబాకండి" అని పెట్టేశాడు.

నేను మళ్లీ చేయలేదు. ఆయనా చేయలేదు. ఆ గొర్రె ఈపాటికి మందలో కలిసే ఉంటుంది.