మూడో పిలుపు

జేసీబీ పళ్లకు ఎర్ర చీర పీలిక ఒకటి చిక్కుకొని ఊగుతోంది. ఆ చీర కట్టి ఎవరిని పూడ్చారో మా వాడలో ఆడవాళ్లందరికీ గుర్తే. ఆమె చెల్లెలు కేక పెట్టి బండికి అడ్డం పరుగెత్తింది. ఒక పోలీసు ఆమె కొప్పు పట్టి వెనక్కి లాగాడు. ఆ చేయి విడిపించబోయిన మా నాయన మణికట్టు మీద లాఠీ పడింది. తడిబట్టను బండకేసి కొట్టినట్టు వచ్చింది చప్పుడు. ఆయన అరవలేదు. విరిగిన చేతిని ఇంకో చేత్తో పసిపిల్లను పట్టినట్టు పట్టుకొని, పైకి తేలిన ఎముకలను తొక్కకుండా పక్కకు నడిచాడు.

అది మా బొందలగడ్డ. చనిపోయినవాళ్లను పూడ్చిపెట్టే చోటును మా దగ్గర అలాగే అంటారు. ఊరు పెద్దగా మిగల్లేదు. నల్లగండ్ల వైపు వెళ్లే క్యాబుల్లోంచి చూస్తే అద్దాల మేడల సందున రేకుల ఇళ్ల వరస కనిపిస్తుంది, అదే మా వాడ. ఆ మేడల్లో ఒకదానిలో నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మా మేనత్త అదే మేడలో నేలలు తుడుస్తుంది. నాయన ఆటో నడిపేవాడు, ఆ లాఠీ దెబ్బ దాకా.

మావాళ్లు సమాధులు కట్టరు. తలవైపు ఒక రాయి పాతి వదిలేస్తారు. చెట్లు మొలుస్తాయి. సర్వేకు వచ్చినవాళ్లు ఆ చెట్లను చూసి, ఇది ఖాళీ జాగా, సర్కారుది, వేలం వేయొచ్చు అని తేల్చారు. జేసీబీ ఒక మూల తవ్విపోయాక చుట్టూ రేకుల కంచె, ఇనుప గేటు, నీలం బోర్డు వచ్చాయి.

నాయనమ్మ ఆ బోర్డు ఎదుట నిలబడి నన్ను చదవమంది. చదివాను. లోపలికి వచ్చినవాళ్లు శిక్షార్హులని రాసి ఉంది.

"మీ అమ్మ ఎన్నేండ్ల నుంచో లోపలనే పండుకున్నది. మరి ఆమెకేం శిక్షనట?" అంది.

నాకు నవ్వు రాలేదు. అమ్మ పోయినప్పుడు నేను బడిలో కూడా చేరలేదు. నన్ను పెంచింది నాయనమ్మే. లోపల తాత రాయికీ అమ్మ రాయికీ మధ్య మనిషి పట్టేంత చోటు వదిలి పెట్టించింది. అక్కడికి వెళ్లినప్పుడల్లా ఆ చోట గడ్డి పీకి, చేత్తో చదును చేసేది. "ఇది నాది. ఎవ్వరిని పండనియ్యకు," అని నాతో చెప్పేది. అంత చిన్న చోటు తప్ప ఆమె నోటి నుంచి "నాది" అన్న మాట ఇంక దేని గురించీ నేను వినలేదు.

ఆ తర్వాత మావాళ్లు చేయని దండం లేదు. చెప్పులు బయట విడిచి మండల ఆఫీసులో గోడకు ఆనుకొని నిలబడేవాళ్లు. కూర్చోమని ఎవరూ అనరు, వీళ్లు కూర్చోరు. ఒకసారి నేనూ వెళ్లాను. "అక్కడ పూడ్చారనడానికి ఆధారం ఏముంది?" అన్నాడు తాసిల్దారు.

"మా అవ్వ ఉన్నది సారు. ఒక్కొక్క రాయి ఎవరిదో జెప్తది," అన్నాడు నాయన, కట్టు కట్టిన చేయి కనబడకుండా వెనక్కి దాచుకొని.

"ముసలావిడ చెబితే చెల్లదయ్యా."

నాయన "సరే సారు" అన్నాడు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చొని చాలాసేపు లేవలేదు. మేనత్తే లేపింది. "సరే సారు, సరే సారు... నీ నోట్ల ఇంకో మాట లేదారా? రేపు నన్నుగూడ సరే సారు అనుకుంట కాలబెడ్తవు," అని తిట్టింది.

ఆమె ఊరికే అనలేదు. అంతకుముందే వాడలో ఒక పెద్దాయన పోతే పోలీసులు గేటు దగ్గర అడ్డుకున్నారు. కొడుకు గేటు పట్టుకొని వదలకపోతే వేళ్ల మీద కొట్టారు. శవాన్ని మునిసిపాలిటీ బండిలో ఎక్కించి, రింగు రోడ్డు అవతల కరెంటు దహనవాటికకు పంపించారు. మా ఇళ్లల్లో పూడ్చడమే తప్ప కాల్చడం లేదు. ఆ కొడుకు ఉబ్బిన వేళ్లతో ఒక కుండ పట్టుకొని వాడలోకి వచ్చాడు. తండ్రిని కుండలో ఎట్లా తెచ్చావని ఎవరూ అడగలేదు. నాయనమ్మ మాత్రం ఇంట్లోకి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. కొంచెంసేపటికి, "నన్ను కాల్చనియ్యకుండ్రి," అంది. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

ఎండాకాలంలో ఒక పొద్దున ఆమె లేవలేదు.

శవాన్ని తీసుకుపోతూ సగం దారిలో పాడెను ఒకసారి కిందికి దించుతారు. దించే చోటును దింపుడు కల్లం అంటారు. అక్కడ కొడుకు చనిపోయినవాళ్ల చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఏ మూలైనా ఉంటే ఆ పిలుపుకు లేస్తారని ఆశ. మూడో పిలుపుకూ లేవకపోతే పాడె ఎత్తుతారు. మూడూ పిలవకుండా పాడె ఎత్తకూడదు. మా దింపుడు కల్లం ఒకప్పుడు బండరాళ్ల మధ్య దారి. ఇప్పుడది మా ఆఫీసు ఎదుటి యూటర్న్. ఎంత ట్రాఫిక్ ఉన్నా మావాళ్లు అక్కడే దించుతారు, హారన్ల మధ్యనే పిలుస్తారు.

ఆ రోజు మేం వెళ్లేసరికి యూటర్న్ అవతల బారికేడ్లు, పోలీసులు, తాసిల్దారు జీపు. పాడె దించారు. డప్పులు మోగుతూనే ఉన్నాయి. తాసిల్దారు చెవులు మూసుకొని, ఆపమని సైగ చేశాడు.

"చూడండి, మానవత్వంతో చెప్తున్నా. ఈ ఒక్కరికీ గేటు తీయిస్తాం. మీ పెద్దమనుషులు ఇది ప్రభుత్వ భూమి, ఇకమీదట రాము అని ఒక్క మాట చెప్పండి. ఫోన్లో వీడియో తీసుకుంటాం. అంతే," అన్నాడు.

ఒప్పుకో నాయనా అని నా గొంతు దాకా వచ్చింది. తాతకూ అమ్మకూ మధ్య ఆ చోటు, ఒక్క మాటకు దొరుకుతుంది. ఎండ మండిపోతోంది. నాయనమ్మ ముఖం మీద ఈగలు వాలుతుంటే మేనత్త కొంగుతో విసురుతోంది. నా చేతిలో ఫోను మోగుతోంది. ఆఫీసు గ్రూపులో ఎవరో, "ఆఫీసు గేటు ముందు ఏదో డెడ్‌బాడీ అంట, రోడ్ బ్లాక్, లాగిన్ లేటవుతుంది," అని పెట్టారు. కింద నవ్వు బొమ్మలు.

నాయన నా వైపు చూశాడు, వాడవాళ్ల వైపు చూశాడు. కుండతో వచ్చిన ఆ కొడుకు అక్కడే డప్పు పట్టుకొని నిలబడి ఉన్నాడు. నాయన అతన్ని అందరికంటే ఎక్కువసేపు చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చొని తల్లి చెవి దగ్గర వంగాడు.

"అవ్వా," అని పిలిచాడు. ఆగాడు. "ఓ అవ్వా."

లేచి నిలబడ్డాడు.

"ఇంకోటి పిలువురా," అంది మేనత్త మెల్లగా.

"గేటు తెరిసినంక పిలుస్త. ఒక్కరికి కాదు, అందరికి తెరిసినంక. గప్పటి దాంక మా అవ్వ ఈడనే ఉంటది."

డప్పులు ఆగిపోయాయి. ఎవరూ చెప్పకుండానే మా ఆడవాళ్లు పాడె చుట్టూ రోడ్డు మీద కూర్చున్నారు. వెనక క్యాబులు, బస్సులు, వాటి వెనక ఇంకా బస్సులు. సీఐ దగ్గరికి వచ్చాడు. మా యాసలోనే మాట్లాడాడు.

"దింపుడు కల్లం నాకు తెల్వదా అన్నా? మా అవ్వను నేను ఎత్తలేదా? జర మూడోది పిలువు. మర్యాదగ తీస్కపోదాం."

"మీ అవ్వను యాడ పెట్టినవ్ సారు?"

"మా ఊర్ల."

"ఎవరినన్న అడిగినవా?"

సీఐ ముఖం నల్లబడింది. వెనక్కి తిరిగి, "లేపుండ్రి," అన్నాడు.

నెరిసిన మీసాల కానిస్టేబుల్ ఒకాయన కదల్లేదు. "మూడో పిలుపు కాలేదు సార్. ఎట్ల ఎత్తుతం?" అన్నాడు. సీఐ అతని భుజం పట్టి పక్కకు తోశాడు. కుర్రవాళ్లు నలుగురు ముందుకొచ్చి పాడె గడలు పట్టుకున్నారు. మేనత్త శవం మీద అడ్డం పడింది. ఆమె వీపు మీద లాఠీ పడింది, మళ్లీ పడింది. నాయన ఒంటిచేత్తో గడ పట్టుకొని వేలాడాడు. పాడె ఒక పక్కకు ఒరిగింది. తాళ్లు తెగాయి. నాయనమ్మ జారి తారు మీద పడింది. తల తగిలిన చప్పుడు విన్నాం. ఆమె కొంగు తొలగి, ఎండిన రొమ్ము మీద ఎండ పడింది.

ఒక్క హారన్ కూడా మోగలేదు.

తర్వాత ఏది ముందు, ఏది వెనక జరిగిందో నాకు తెలియదు. రాళ్లు లేచాయి. తాసిల్దారు జీపు అద్దం పగిలింది. నాయనను నలుగురు ఈడ్చుకుపోతుంటే నెత్తి మీద కొట్టారు, ఆయన ముఖం రక్తంతో మూసుకుపోయింది. నేను ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడను. మీటింగుల్లో నా పేరు పిలిస్తే చెమటలు పడతాయి. నన్ను పట్టుకున్న లేడీ కానిస్టేబుల్ చేతిని కొరికాను. ఆమె వదిలేదాకా కొరికాను. నోట్లో ఉప్పగా తగిలింది. నా చెవి మీద ఆమె కొట్టిన దెబ్బకు ఆ చెవి కొన్నాళ్లు వినపడలేదు.

మేనత్త నాయనమ్మను చేతుల మీదికి ఎత్తుకుంది. ఎంత తేలికైపోయిందో ఆమె. ఆడవాళ్లందరం చుట్టూ మూగి, దెబ్బలు మా వీపుల మీద పడనిచ్చి, పరుగెత్తాం. బారికేడ్ ఒకటి మాతోపాటే కొట్టుకొచ్చింది. గేటు దగ్గరికి పోలేదు. పక్కన కంచె మీద పడ్డాం. రేకుల అంచులు చేతులు కోశాయి. గోళ్లతో, రాళ్లతో, విరిగిన గడలతో కొట్టాం. రేకు వంగి, మేకులు ఊడి, మీద పడింది. దాని మీదినుంచే లోపలికి తొక్కుకుంటూ పోయాం. విరిగిన గడతోనే తవ్వినది కుండ తెచ్చిన కొడుకు. అతని వేళ్లు ఇంకా సరిగా ముడుచుకోవు. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు తోడు పట్టారు. ఆడవాళ్లు కొందరు పడిన రేకు దగ్గర పోలీసులకు అడ్డం నిలబడ్డారు. లోతు చాలదని తెలుసు, ఆగే వీలు లేదు. తాత రాయి ఒక పక్క, అమ్మ రాయి ఒక పక్క. నాయనమ్మను ఆ మధ్య పడుకోబెట్టి మన్ను తోశాం.

సీఐ పడిన రేకు మీదినుంచి లోపలికి అడుగు పెట్టాడు.

"బూట్లు ఇడిసి రా," అంది మేనత్త. ఆమె జాకెట్టు వీపు మీద చీలిపోయి ఉంది. "నువ్వు తొక్కుతున్నది మనుషుల్ని."

అతను కిందికి చూసుకున్నాడు. బూట్లు విడవలేదు, ముందుకు రాలేదు. వెనక్కి వెళ్లి రేకు అవతల నిలబడ్డాడు. మేం పిడికిలి పిడికిలి మన్ను వేయడం అయిపోయేదాకా అక్కడే నిలబడి, బయటికి వచ్చినవాళ్లను వచ్చినట్టే బండ్లు ఎక్కించాడు.

స్టేషన్లో నాయన గోడకు ఆనుకొని నేల మీద ఉన్నాడు. దవాఖానకు తీసుకుపోలేదు. ఎవరిదో తువ్వాల నెత్తికి చుట్టి ఉంది, తడిసిపోయింది.

"పెట్టిండ్రా?" అన్నాడు నన్ను చూడగానే.

"పెట్టినం నాయనా. నడుమనే."

"మూడోది ఎవరు పిలిసిండ్రు?"

ఆ తొక్కిసలాటలో పిలవాలని ఎవరికీ గుర్తు రాలేదు.

"ఎవరు పిలువలే తియ్యి," అంది మేనత్త. "పిలిస్తే లేసి ఇదంత జూస్తుండె. మనల్నే తిట్టుతుండె."

నాయన నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు. వాడ ఆడవాళ్లు కొందరు నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు.

పొద్దు వాలుతుండగా సీఐ వచ్చి కుర్చీ జరుపుకొని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "చూడన్నా, తల్లి పోయిన బాధల ఉన్నవు. ఆవేశంల అయిపోయింది. గదే మాట చెప్పు, పొరపాటైందని. కేసు చిన్నగ జేస్త, ఇంటికి పోతవు. దినాలు చేసుకోవాలె గద."

నేను నాయన ముఖం చూస్తున్నాను. ఆ నోట్లోంచి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేని ఆ రెండు మాటలు ఇప్పుడూ వస్తాయని చూస్తున్నాను.

"బాధల చెయ్యలే," అన్నాడు నాయన. "మాదని చేసినం. రాసుకో."

సీఐ కుర్చీ వెనక్కి నెట్టాడు. లేచి, మగవాళ్లను లోపల ఉంచమనీ ఆడవాళ్లను పంపేయమనీ చెప్పి వెళ్లిపోయాడు. మమ్మల్ని స్టేషన్ గేటు బయటికి తోసి, ఇళ్లకు పొమ్మన్నారు. మేనత్త గేటు ముందు కొంగు పరుచుకొని కూర్చుంది. ఆమె పక్కన ఎర్ర చీరలో పూడ్చినామె చెల్లెలు కూర్చుంది. నేనూ కూర్చున్నాను.