పంజరంలో చలికాలం

హిజ్లీలో మేముండే క్యాంపస్ క్వార్టర్ పక్కన వడ్రంగులు తలుపులకి చిత్రిక పడుతుంటే, ఆ పచ్చి చెక్కపొట్టు వాసన మా వంటింట్లోకి వచ్చినప్పుడల్లా నేను పొయ్యి కట్టేసి కాసేపు ఊరికే నిలబడిపోతాను. నా తొమ్మిదో ఏడంతా ఆ వాసనలోనే గడిచింది.

అప్పట్లో మాది ట్రాఫిక్ కాలనీలో రెండు గదుల రైల్వే క్వార్టర్. ఆ ఏడు ఎండలు ముదరకముందే అమ్మ ఆసుపత్రిలో పోయింది. నన్ను పక్కింటి అప్పాయమ్మ మామ్మ ఇంట్లో కూర్చోబెట్టి అన్నీ కానిచ్చేశారు. ఆఖరిసారి అమ్మ మొహమైనా నేను చూడలేదు. నాన్న వర్క్‌షాపులో ఫిట్టర్. పొద్దున్న సైరన్‌కి వెళ్తే సాయంత్రం సైరన్‌ దాకా రాడు. బడి నుంచి వచ్చి, తాళం తీసుకుని, మూత పెట్టిన అన్నం తిని, గుమ్మంలో కూర్చుని షంటింగ్ ఇంజన్ల కూతలు లెక్కపెట్టుకునేదాన్ని. అది చూళ్ళేక కాబోలు, ఒక ఆదివారం నాన్న గోల్‌బజార్‌లో పిట్టలమ్మే బెంగాలీ దాదా దగ్గర పొట్టితోక ఎలకల్లాంటి హామ్‌స్టర్ల జంటని కొని, ఆడదాన్ని ఒక పంజరంలో, మగదాన్ని ఇంకోదాంట్లో పెట్టి, సైకిల్‌కి చెరోవైపు తగిలించుకుని తెచ్చాడు.

ఆ వేసవీ, ఆ వానాకాలమూ మా ఇల్లు పంజరాల్లో పరిచిన చెక్కపొట్టూ, శనగలూ, తడిసిన గోనెసంచీ కలిసిన వాసన వేసేది. ఆడది మగదాన్ని కరిచేస్తుందని నాన్న ఒక్కపూట కలిపి మళ్ళీ విడదీసేవాడు. రెండు వారాలు దాటేసరికి వేలికొనలంత గులాబీరంగు పిల్లలు దూదిలో కదిలేవి. అమ్మ పోయాక నాతో ఎలా మాట్లాడాలో తెలియని కాలనీ పిల్లలు, వాటి కోసం మా గుమ్మం తొక్కేవారు. అవి పెద్దయ్యాక తలొకటి పట్టుకుపోయేవారు, మళ్ళీ నేనొక్కదాన్నే.

"ఎలకల్ని పెంచుతాడేటే ఎవడైనా?" అనేది అప్పాయమ్మ మామ్మ. అంటూనే కొంగులోంచి నాలుగు శనగగింజలు తీసి పంజరంలో వేసేది.

దుర్గాపూజ పందిళ్ళు విప్పేశాక పొద్దు తొందరగా కుంగడం మొదలైంది. ఎన్నిసార్లు కలిపినా పిల్లలు పుట్టలేదు. నాన్న వెళ్ళి పిట్టలమ్మే దాదాని అడిగితే, "శీతే బాచ్చా హోబే నా" అన్నాడట. చలికాలం పిల్లలు పుట్టవని చెప్పాడు గానీ, అవి ఒళ్ళు మరిచి నిద్రపోతాయని చెప్పలేదు.

పొగమంచు బాగా పట్టిన రోజుల్లో ఒకనాడు బడి నుంచి వచ్చేసరికి మగది ఉండచుట్టుకుని ఉంది. ముట్టుకుంటే రాయిలా చల్లగా ఉంది. ఏడుస్తూ మామ్మ దగ్గరికి పట్టుకెళ్ళాను.

"పోనాదే గుంటా" అంది మామ్మ, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి. ఇద్దరం బిస్కెట్ల డబ్బాలో గుడ్డ పరిచి, పెరట్లో జాంచెట్టు పక్కన పాతిపెట్టాం.

మరుసటి ఆదివారం ఆడదీ అలాగే అయింది. ఈసారి నాన్న ఇంట్లో ఉన్నాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి కళ్ళార్పకుండా చూశాడు. "ఆగవే" అన్నాడు. ఎంతోసేపటికి దాని డొక్క ఒక్కసారి లేచి పడింది. దాన్ని స్వెట్టర్లోపల గుండెకానించుకుని ఎండలో కూర్చుంటే, కాసేపటికి వణికి, మీసాలు కదిపి, కళ్ళు తెరిచింది. నేను చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను.

"మరి అదో?"

నాన్న మొహం పాలిపోయింది. నన్ను ఇంట్లోనే ఉండమని గునపం తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. వచ్చి, చేతులు కడుక్కుని అన్నాడు: "నాను సూసినాను. అది ఎప్పుడో సచ్చిపోనాది. దీన్లాగ నిద్ర కాదు."

అప్పుడడిగాను. "మరి అమ్మనెవరైనా సూసినారా నాన్నా, ఊపిరున్నాదో లేదో?"

నాన్న నేలమీద కూలబడి నన్ను దగ్గరికి లాక్కున్నాడు. "నాను పక్కనే ఉన్నానే. ఆకర్ని అమ్మ సెయ్యి నా సేతిలోనే ఉన్నాది."

పొద్దు సాగి, పలాశ పూలు విచ్చే రోజులకి ఆడది మళ్ళీ హుషారై దూది చీల్చి గూడు కట్టుకుంది. నాన్న కొత్త మగదాన్ని తెచ్చాడు. దోల్ రంగులు చల్లుకునే రోజున పిల్లలు పుట్టాయి. అమ్మ పోయాక నేనే పరుగెత్తుకెళ్ళి కాలనీ పిల్లల తలుపు తట్టింది ఆ రోజే. పగలు కురచయితే వాటి ఒంట్లో పిల్లల్ని కనే శక్తే అణిగిపోతుందనీ, వెలుతురు పెరిగితే తిరిగి వస్తుందనీ చాలా ఏళ్ళ తర్వాత చదివాను.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, కూల్చేసి చదును చేశారు. అప్పాయమ్మ మామ్మా లేదు. పిట్టలమ్మిన చోట మొబైల్ కవర్లు వేలాడుతున్నాయి. నాన్న నా దగ్గరే ఉంటాడు. పోయిన చలికాలం వరండాలో ఇద్దరం బఠాణీలు ఒలుస్తుంటే అడిగాను, ఆ రోజు పెరట్లో తవ్వినప్పుడు డబ్బాలో ఆ మగది ఎలా ఉందని.

నాన్న ఒక కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసి, అప్పుడు చెప్పాడు.

"తవ్వలేదే. గునపం పట్టుకొని నిల్సుండిపోనాను. తవ్వితే ఏదోటి తెలిసిపోద్ది. తెలిస్తే నీ మొకం సూడలేను."

సరేలే నాన్నా అన్నాను. మరి అదే రోజు చెప్పిన రెండో మాట, అమ్మ చెయ్యి పట్టుకునే ఉన్నానన్న మాట నిజమేనా అని నాలిక చివరిదాకా వచ్చింది. అడగలేదు. ఇన్నేళ్ళూ నేను ఆ మాటనానుకునే నిలబడ్డాను.