చెంచో ఖాళీ బస్సు

క్రెసెన్సియో ఓల్వెరాని పూర్తి పేరుతో పిలిచేవాళ్ళు పోలీసులు, ఆసుపత్రివాళ్ళు మాత్రమే. మాకందరికీ గౌరవంగా దోన్ చెంచో. భార్య అంపారోకి ముసలోడు. పాత స్కూలు బస్సొకటి కొని తెల్లరంగు వేయించి ఇరవై రెండేళ్ళుగా మమ్మల్ని పంట వెంట తిప్పుతున్నాడు. చలికాలమంతా ఫ్లోరిడాలో, ఇమొకలీ టమాటా తోటల్లో. జూన్‌లో జార్జియా పుచ్చకాయలకి, ఆ తర్వాత ఇంకా ఉత్తరాన కరొలినా కొండల్లోకి, సెప్టెంబరులో మళ్ళీ కిందికి దిగి జార్జియా దోసకాయలకి. అక్టోబరులో ఇంటికి. ఇల్లంటే ఇమొకలీలో రేకుల ట్రైలరే, అయినా ఇల్లే.

బయల్దేరే ముందు ఒక్కో సీటు తట్టుకుంటూ చివరిదాకా నడిచి తలలు లెక్కపెట్టేవాడు. ఒక్కరు తక్కువైనా బండి కదిలేది కాదు. ఆ బస్సులో ముగ్గురు పిల్లలు పుట్టారు. మూడో కాన్పుకి ఇంకెవరూ ధైర్యం చెయ్యకపోతే తనే బిడ్డని అందుకుని, తర్వాత గంటసేపు స్టీరింగు పట్టుకోలేక రోడ్డు పక్కన గడ్డిలో కూలబడ్డాడు. ఆ మాటెత్తి ఇప్పటికీ ఏడిపిస్తాం.

మెక్సికోలో గ్వానహ్వాతో కొండల్లోంచి పదిహేడేళ్ళకి వచ్చాడు. మరుసటేడు ప్రభుత్వం పొలం పనివాళ్ళకి కాగితాలిస్తే ఆయనకీ గ్రీన్ కార్డు వచ్చింది. పౌరసత్వం పరీక్షకి వెళ్ళమని అంపారో ప్రతి ఏడూ పోరేది. ప్రతి ఏడూ కోతలు అడ్డం వచ్చేవి. అంపారో సంగతి వేరు. ఎడారి దాటుతూ ఒకసారి పట్టుబడింది. వెనక్కి పంపితే నెల తిరక్కుండా ఈసారి నది దాటి మళ్ళీ వచ్చింది. ఆ రెండో దాటడం వల్ల మొగుడి కార్డు ఆమెకి దేనికీ పనికిరాకుండా పోయింది. నాకూ కాగితాల్లేవు. నా పేరు ఎదెల్మీరా. వాళ్ళమ్మాయి నోయెలియాని జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్న తల్లిని నేనే. అందుకే అంపారో, నేను ఒకరినొకరం కొమాద్రే అని పిలుచుకుంటాం.

మేం ఉత్తరాన ఉండగా జూలైలో ఫ్లోరిడా చట్టం అమల్లోకి వచ్చింది. కాగితాల్లేని మనిషిని బండిలో రాష్ట్రంలోకి తెస్తే నేరం. తెచ్చినవాడికి, ఒక్కో మనిషికీ ఐదేళ్ళదాకా జైలు.

రోజూ తిండి దగ్గర అదే గొడవ. ఫిదెన్సియో అని మాలో ఒకడు, రేడియో వింటాడు గనక తనకన్నీ తెలుసనుకుంటాడు.

"సరిహద్దు చూసుకునేది వాషింగ్టన్. మధ్యలో రాష్ట్రానికేం పని? లాయర్లు కోర్టుకెళ్ళారు, రేపోమాపో కొట్టేస్తారు," అన్నాడు.

"కొట్టేసేదాకా?" అన్నాడు చెంచో.

"కొట్టేసేదాకా చట్టమే మరి."

"ఇంత చెప్పి ఏం చెప్పావురా నాయనా. ఆ టోర్టియా రొట్టె ఇటు పారెయ్."

ఎవరికి తోచిన దారి వాళ్ళు చూసుకున్నారు. కొందరు కరొలినాలోనే ఆగిపోయారు. వాళ్ళలో నోయెలియా మొగుడొకడు. ఆగస్టులో ఉత్తరానికి పనికని వచ్చి, తిరిగి వెళ్తే ఏమవుతుందోనని అక్కడే ఉండిపోయాడు. నోయెలియా ఇమొకలీలో ఒక్కతే ఉంది. పంతొమ్మిదేళ్ళు, తొలి కాన్పు, అక్టోబరు రెండో వారంలో నెలలు నిండుతాయి.

మాలో బాలింత నలభై రోజులు తల్లి చేతిలో ఉంటుంది. ఆమెకి స్నానం, తిండి, పడక, అన్నీ తల్లే చూస్తుంది. తల్లి లేని బాలింతని చూస్తే ఎవరికైనా భయమే. అంపారో నోయెలియాని కన్నప్పుడు తన తల్లి దగ్గర లేదు. ఆ నలభై రోజుల సంగతి నాతో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

చర్చికి వచ్చే లాయరమ్మని చెంచో అడిగాడు. "నా భార్యని నేను తీసుకెళ్ళొచ్చా?"

"జడ్జి తేల్చేదాకా వద్దండీ."

"ఎప్పుడు తేలుస్తారు?"

"వసంతంలో కావొచ్చు."

"బిడ్డ వసంతందాకా ఆగదమ్మా," అన్నాడు చెంచో. ఆమె తన ఫోన్ నంబరున్న కార్డిచ్చి, కేసయితే ఫోన్ చెయ్యమంది.

దారి అంపారోకే తట్టింది. "బండిలో తేవద్దన్నారు. నడవొద్దనలేదుగా. వంతెన నేను నడిచి దాటతాను. నువ్వు అవతల ఎక్కించుకో."

"ఈ వయసొచ్చాక మళ్ళీ నది దాటతావా?"

"ఈసారి వంతెనుందిగా, ముసలోడా."

అక్టోబరు రెండో ఆదివారం ఉదయం జార్జియాని, ఫ్లోరిడాని విడదీసే సెయింట్ మేరీస్ నది ఇవతల, మూసి ఉన్న చేపల గాలాల కొట్టు ముందు అంపారో, నేను బస్సు దిగాం. ఆమెకి తోడుగా వంతెన దాటించి నేను వెనక్కి రావాలి. చర్చికి పోతున్నట్టుండాలని ఇద్దరం మంచి గౌన్లు వేసుకుని చేతిలో బైబిళ్ళు పట్టుకున్నాం. అంపారో భుజానికి సంచి. చెంచో బస్సుతో ముందు పోయాడు. ఇంకెవరి కారయినా అడగొచ్చని మాకెవరికీ తోచలేదు. ఎక్కడికెళ్ళాలన్నా ఆ బస్సులో వెళ్ళడమే అలవాటు.

వంతెన సగం దాటామో లేదో అవతలి గట్టున నీలం దీపాలు తిరుగుతూ కనిపించాయి. బస్సు పక్కకి ఆగి ఉంది. షెరిఫ్ ఆఫీసు పోలీసొకడు దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"నడువ్ కొమాద్రే. ఆగితే ఇంకా అనుమానం," అన్నాను.

అంపారో ఆగిపోయింది. "నన్ను చూసి ఆయన మొహం మారుతుంది. దాచుకోలేడు. ఆ మనిషికి అబద్ధం రాదు."

వెనక్కి తిరిగి, తల వంచుకుని, నాకంటే ముందు నడిచింది.

అరగంటకి బస్సు తిరిగొచ్చి కొట్టు ముందు ఆగింది. ఇద్దరం ఎక్కాం. చెంచో చేతిలో పసుప్పచ్చ కాగితం.

"వెనక లైటొకటి వెలగట్లేదట."

"అంతేనా?" అంది అంపారో.

"ఇంత బస్సు ఖాళీగా ఎందుకు పోతోంది, మనుషుల్ని ఎక్కడ దించావ్ అనడిగాడు. ఎవర్నీ దించలేదు, నాకెవరూ లేరన్నాను." కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే అన్నాను. బండి నంబరు ఫోటో తీసుకుని అక్కడే కూర్చున్నాడు."

అప్పుడే అంపారో ఫోన్ మోగింది. నోయెలియా గొంతు నాక్కూడా వినిపించింది. తెల్లవారుజాము నుంచి నొప్పులొస్తున్నాయట. పక్క ట్రైలరావిడ ఆసుపత్రికి తీసుకెళ్తోందట.

"ఎక్కడిదాకా వచ్చారమ్మా?"

"దారిలోనే ఉన్నాం, తల్లీ. వచ్చేస్తున్నాం," అంది అంపారో.

ఫోన్ పెట్టేశాక చెంచో ఇంజను తిప్పాడు. "కూర్చో. ఏమైతే అదవుతుంది."

"ఆపు."

"ఐదు గంటల దారి అంపారో, కూర్చో!"

"పట్టుకుంటే నువ్వు జైల్లో, నేను గ్వానహ్వాతోలో. దాని దగ్గరెవరుంటారు? ఆ పక్క ట్రైలరావిడా?" చెయ్యి చాచి తనే తాళం తిప్పి ఆపేసింది. "నువ్వొక్కడివే వెళ్ళు. నలభై రోజులు నువ్వే చూడు."

"నేనా? నేను మగాణ్ణి. కన్నకూతురు, నేనెలా..."

"సిగ్గుపడితే పడనీ. దానికింకెవరున్నారు?"

సంచిలోంచి ఒక్కో పొట్లం తీసి సీటు మీద పెట్టి చెప్పసాగింది. ఈ ఆకు స్నానానికి, మరగకాచి చల్లార్చాలి. పాత కోడి పులుసు, కారం వద్దు. దాల్చినచెక్క వేసిన అటోలే జావ పొద్దున్నే. తలుపు సందులోంచి గాలి తగలనివ్వొద్దు. బీన్స్ పెట్టొద్దు. చెంచో తలాడిస్తున్నాడుగానీ ఏమీ వినడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి పొడుగాటి తెల్లగుడ్డ తీసింది.

"ఇది నడుముకి కట్టు. లేకపోతే పొట్ట దిగదు, జన్మంతా నడుంనొప్పి, నాలాగా. ఇదొక్కటీ ఫోన్లో చెప్తే రాదు. నా మీద కట్టు."

బస్సు మధ్య దారిలో చేతులెత్తి నిలబడింది. నేను ఒక కొస పట్టుకున్నాను. చెంచో ఆమె చుట్టూ తిరిగాడు. ఇరవై రెండేళ్ళు ఆ స్టీరింగు తిప్పిన చేతులతో గుడ్డ మడతలు సర్దాడు. మొదటిసారి కట్టు జారి కాళ్ళ దగ్గర పడింది.

"గౌను మీద కదా, అందుకే జారుతోంది," అన్నాడు.

"దేని మీదైనా జారుతుంది. కింద నుంచి మొదలెట్టు. తుంటి దగ్గర."

రెండోసారి వదులు. మూడోసారి మరీ బిగించాడు. "బాలింతరా బాబూ, దోసకాయల మూట కాదు," అంది. ముగ్గురం నవ్వబోయాం. వంతెన అవతల షెరిఫ్ కారు ఇంకా అక్కడే ఉంది, అద్దంలోంచి కనిపిస్తోంది.

నాలుగోసారి కుదిరింది. కొస లోపలికి దోపి, చేతులు వెనక్కి తీసుకుని, ఏమంటుందోనని చూశాడు. అంపారో కట్టు మీద రెండు చేతులూ వేసుకుని నిలబడిపోయింది. చెంచో విప్పడానికి వంగాడు. ఆమె చేతులు తియ్యలేదు.

"అంపారో, నాకా గుడ్డ కావాలి," అన్నాడు.