రెండు కొమ్ముల యాంటినా, నాలుగు నిమిషాల తోట

విమానాశ్రయం తెరిచిన మరుసటేడు సాతంరాయిలో మా టీవీ నోరు పడిపోయింది. దాని తప్పేమీ లేదు. బెంగళూరు రోడ్డు పనికి వచ్చిన తవ్వే యంత్రం ఒక మధ్యాహ్నం మా గల్లీ కేబుల్ తీగను ఒక్క పంటితో కొరికేసింది. తెగిన ముక్క ఏదో లారీ చక్రానికి చుట్టుకుని కర్నూలు దాకా పోయిందని నేను ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. కేబులాయన వచ్చి, మిగిలిన కొసను చేతిలోకి తీసుకుని, చావింటి ముందు నిలబడ్డట్టు రెండు నిమిషాలు నిలబడి, "రోడ్డు పని ఒడిసినంక చూద్దాం అన్నా" అని వెళ్లిపోయాడు. ఆ రోడ్డు పని ఎప్పుడు ఒడిసిందో ఆ దారిన తిరిగినవాళ్లకు నేను చెప్పనక్కర లేదు.

మామూలు రోజుల్లో అయితే అది మా ఆవిడ సీరియళ్లకు పట్టిన శని మాత్రమే. నేను పైకి రెండు రోజులు సంతాపం పాటించి, లోపల పండగ చేసుకునేవాణ్ణి. కానీ అప్పుడు మా బాపు టీవీలో రాబోతున్నాడు.

ఊరి వెనక మాకు ఎకరన్నర కూరగాయల తోట ఉండేది. బాపు అందులో పందిళ్లు వేసి చిక్కుడు పెంచేవాడు. ఒక్కో కాయ మూరెడు ఉండేదని నేనంటాను, జానెడు అని మా అమ్మ అంటుంది, నిజం బెత్తెడు దగ్గర ఎక్కడో ఉంటుంది. ఏదైతేనేం, సర్కారు చానల్లో రైతుల కార్యక్రమం చేసేవాళ్లకు ఆ కాయల సంగతి తెలిసి, ఒక పొద్దున కెమెరా పట్టుకుని వచ్చారు. బాపును పందిరి కింద నిలబెట్టి మాట్లాడించి, అమ్మ ఇచ్చిన చాయ్ తాగి పోయారు. ఆ తర్వాత నెలకే పెద్దనాయినతో పంపకాల పంచాయితీ తేలి, రెండు వాటాలూ కలిపి ప్లాట్లకు ఇచ్చేశారు. పందిళ్లు పీకారు. బావి పూడ్చారు. ఎర్రటి నేల మీద వరసగా తెల్లరాళ్లు పాతారు.

అప్పుడు తెలిసింది మాకు, ఆ తోటకు ఒక్క ఫోటో కూడా లేదని. మా ఇంట్లో ఫోటోలకేమీ కరువు లేదు. నా పెళ్లిలో తిన్న ప్రతివాడి విస్తరికీ ఫోటో ఉంది. ఎంగిలి విస్తళ్లకు కూడా ఉంది. కానీ తోటకు ఫోటో తీయాలని ఎవరికి తోస్తుంది? రోజూ పొద్దున పోతే అక్కడే ఉండేది కదా.

అలాంటి రోజుల్లో ఆ టీవీవాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. బాపు మాట్లాడి పెట్టేశాడు.

"బుధవారం సాయంత్రం ఆరున్నరకట. ఒక్కపారే ఏస్తరట. మళ్ల ఎయ్యరట."

"మరి మన టీవీల ఏమొస్తలేదు గదయ్యా," అంది అమ్మ.

"సర్కారు చానల్‌కు తీగెందుకే? గాలికే వస్తది."

అని లేచి, భుజం మీది తువ్వాలతో టీవీ అద్దాన్ని తుడిచాడు. బాపు ఆ టీవీని ముట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు. దాని ముందు కూర్చున్నప్పుడు కూడా ఆయన చూపు గోడ మీది క్యాలెండర్ మీదే ఉండేది. ఇప్పుడు మూలమూలలా తుడుస్తుంటే, "హీరో అయిండు మీ బాపు," అని అమ్మ ముసిముసిగా నవ్వింది. ఆయన చూడాలనుకుంటున్నది తన మొహాన్ని కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

గల్లీలో డిష్ ఉన్నది ఒక్క పెద్దనాయిన ఇంటి మీదే. ఆ గడప తొక్కి చూసి రమ్మని బాపుకు చెప్పే మగాడు మా వంశంలో ఇంకా పుట్టలేదు. కాబట్టి నేను సజ్జ ఎక్కి, పాత రెండు కొమ్ముల యాంటినాను దింపాను. దాని మీది దుమ్ముతో ఒక మడి తోటకూర పండించవచ్చు. ఒక కొమ్ము నిటారుగా ఉంది, రెండోది కీలు దగ్గర సడలి, దెబ్బతిన్న ఆవు కొమ్ములా వేలాడుతోంది. తీగ తగిలించి టీవీ పెట్టాను. తెర నిండా ముగ్గుపిండి కురిసింది. ఆ పిండిలో ఎవరో వార్తలు చదువుతున్నట్టుంది, లేదా ఎవరో ఎవర్నో కొడుతున్నట్టుంది.

ఆ రాత్రికి మా వంటింట్లో సగం స్టీలు సామాను ఆ యాంటినా చుట్టూ చేరింది. వెనక పళ్లెం నిలబెడితే కొంచెం మెరుగు. ఇడ్లీ రేకులు పెడితే గొంతు పోయి బొమ్మ వచ్చింది. బిర్యానీ పొట్లానికి చుట్టిన వెండి కాగితం కొమ్ములకు చుట్టాను. యాంటినా పెళ్లికూతురులా ముస్తాబైంది గానీ పనిలో మార్పేమీ లేదు. "రేపు ఉప్మా దేంట్ల చేయాలె, నీ నెత్తి మీదనా?" అని మా ఆవిడ మూకుడు లాక్కుపోయింది.

మర్నాడు పక్కింటి మోటరు అన్నను పిలిచాను. బోరు మోటర్లకు తీగ చుట్టడం ఆయన వృత్తి. కరెంటు పారే ప్రతి వస్తువు మీదా మా గల్లీలో ఆయనదే తుది తీర్పు. ఆయన టీవీ వైపు కన్నెత్తి చూడకుండా నన్ను మిద్దె మీదికి తీసుకుపోయి, దూరంగా విమానాశ్రయంలో నిలబడ్డ టవర్‌ను చూపించాడు.

"సిగ్నల్ యాడికెల్లి వస్తది చెప్పు."

"టవర్‌కెల్లి."

"మనకు దగ్గర్ల పెద్ద టవర్ ఏది?"

"గదే."

"ఇగ ఏంది పరేషాన్? గంత పెద్ద విమానాలనే దించుతున్నది గది. నీ టీవీల బొమ్మను దించదా?"

ఇలాంటి వాదనకు ఎదురు చెప్పగల బుర్ర ఆనాడు శంషాబాద్ మండలం మొత్తం గాలించినా దొరికేది కాదు. సాయంత్రానికల్లా గల్లీలో సజ్జలు దిగిన పదకొండు యాంటినాలూ, పాలగిన్నె వైపు చూసే పిల్లుల్లా, ఆ టవర్ వైపు తిరిగి కూర్చున్నాయి.

బొమ్మ వచ్చింది, కానీ ప్రతి మనిషికీ రెండు తలలు వచ్చాయి. వార్తలు చదివే ఆమె పక్కన ఆమె దయ్యం కూడా కూర్చుని చదివింది. పైగా విమానం దిగినప్పుడల్లా తెర మీది మనుషులు నీళ్లలో నీడల్లా ఊగిపోయేవాళ్లు. ఆ విమానాలు మా దండెం మీది లుంగీలకు తగిలేంత కిందుగా వెళ్లేవని నేనంటే ఎవరూ నమ్మరు.

"విమానం సిగ్నల్‌ను తాగుతది," అని మోటరు అన్న తేల్చాడు. "గది పోయేదాక మనం ఓపిక వట్టాలె."

నేను గడియారం పట్టుకుని రెండు సాయంత్రాలు మిద్దె మీద నిలబడి లెక్క రాశాను. ఆరున్నరకూ ఏడుకూ మధ్య మూడు దాహం వేసిన విమానాలు. ఆ కాగితం చూసి అమ్మ అంది:

"జర ఆ విమానమోళ్లకు ఫోన్ చేసి చెప్పరాదు కొడుకా? బుధారం ఒక్క అర్ధగంట పైననే తిరుగుమను."

మంగళవారం మధ్యాహ్నం మా ఆవిడ గది ఊడుస్తోంది. యాంటినా అడ్డమొస్తే, ఇనుప బీరువా పక్కనుంచి తీసి, అవతలి గోడ కిటికీలో పెట్టింది. టీవీ నడుస్తూనే ఉంది. అందులో వంటల ఆవిడ ఒక్కసారిగా ఒంటి తలతో, ముక్కుపుడకతో సహా ప్రత్యక్షమైంది.

"ఇగో, గిటు రాండ్రి అందరు!"

అందరం పరుగెత్తాం. మోటరు అన్న చేతిలో తీగ చుట్టతోనే వచ్చాడు.

"చెల్లె, ఎటు మొఖాన వెట్టినవు?"

"ఆరాంఘర్ మొఖాన, పట్నం దిక్కు. ఎందుకన్నా, టీవీ స్టేషన్ పట్నంల ఉన్నదా, విమానాల కాడ ఉన్నదా?"

ఆయన తెర వంక చూశాడు, కిటికీ వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు. తప్పంతా నాదే అయినట్టు.

"గాలి మల్లింది," అన్నాడు.

"అవునన్నా, నా చీపురు గాలికే మల్లింది," అంది మా ఆవిడ.

పాపం, పోయిన పరువును పనితో తెచ్చుకునే మనిషి ఆయన. టీవీ వెనక తీగ కొసలు తుప్పు పట్టాయని బ్లేడుతో గీకి, రాగి మెరిసేదాకా తోమి, మరలు బిగించాడు. కిటికీ పైన చెక్క పెట్టి యాంటినాను ఇంకో జానెడు ఎత్తు చేయించాడు. ట్యూబులైటు ఆర్పించాడు, తెర మీద గీతలు పోయాయి. చీకటి పడేసరికి గల్లీలో మిగతా పది యాంటినాలు కూడా ఎవరికీ చెప్పకుండా ఆరాంఘర్ వైపు తిరిగిపోయాయి. ఆ టవర్ గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

ఒక్కటే లోటు మిగిలింది. సడలిన కొమ్ము నిలవడం లేదు. దారం కట్టాం, బట్టల క్లిప్పు పెట్టాం, మైనం అంటించాం. మనిషి చేత్తో పట్టుకుంటేనే బొమ్మ నిలబడుతోంది. అది కూడా అందరి చెయ్యీ పనికి రాదు. మా ఆవిడ పట్టుకుంటే గీతలు, మోటరు అన్న పట్టుకుంటే నలుపు. నేను పట్టుకుంటే మాత్రం అద్దంలా వచ్చింది. నా నలభై ఏళ్ల జీవితంలో ఇంట్లో నాకు దక్కిన ఏకైక ఉద్యోగం అది.

బుధవారం ఆరుంపావుకే ఇల్లు నిండిపోయింది. బాపు స్నానం చేసి, తెల్ల అంగీ తొడుక్కుని, తెరకు మూరెడు దూరంలో పీట వేసుకుని కూర్చున్నాడు. నేను స్టూలెక్కి, ఒక కాలు కిటికీ గట్టు మీద పెట్టి, కొమ్ము పట్టుకున్నాను. టీవీ వీపు నా వైపు ఉంది. తెర నాకు కనిపించదు. ఎదురుగా ఉన్న మొహాలు మాత్రమే కనిపిస్తాయి.

సంగీతం వచ్చింది. ఎవరో ఎరువుల గురించి చాలాసేపు చెప్పారు. తర్వాత బాపు గొంతు వినిపించింది. "నమస్కారం. నేను గత ఇరవై సంవత్సరాలుగా చిక్కుడు సాగు చేయుచున్నాను."

గది ఘొల్లుమంది.

"గీ మాట ఎవరు నేర్పిన్రు కాకా నీకు?" అన్నాడు మోటరు అన్న.

"గా కెమెరా పిల్ల చెప్పింది," అన్నాడు బాపు, తెర మీంచి కళ్లు తీయకుండా. "జర ఊకోండ్రి."

నాకు తెరలో కనిపించాల్సినదంతా వాళ్ల కళ్లలో కదులుతోంది. బాపు మెల్లగా ముందుకు వంగాడు. వేలు తెర దాకా పోయి ఆగింది.

"గదే మోటరు గుడిసె. గా పక్క సాలు చూడు, కొత్త తీగలు గవి. పూత మీద ఉండె."

"పందిరి మీద గా ఎర్ర చీర నాదే," అంది అమ్మ. "పొద్దుగాల ఆరేసి తీసుడు మరిచిన. లోకమంత చూస్తున్నది నా చీరను!"

అప్పుడు బయట ఉరుము మొదలైంది. మొదటి విమానం.

"ఊగుతున్నది, ఊగుతున్నది!" అని అరిచారు.

నేను కొమ్మును పైకి లాగాను, పక్కకు వంచాను, మునివేళ్ల మీద లేచాను. ఆ క్షణాన నా శరీరం సాతంరాయి నుంచి ఆరాంఘర్ దాకా సాగిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. భుజంలో ఏదో పట్టేసింది. చెమట కంట్లోకి దిగింది.

"గట్లనే ఉండురా. కదలకు," అన్నాడు బాపు. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. బాపు నన్ను బతిమాలడం నేను అంతవరకూ వినలేదు.

నేను కదల్లేదు. విమానం దిగిపోయింది. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాలుగు నిమిషాలు. అంతే. ఆ తర్వాత గొర్రెలకు వచ్చే గాలికుంటు రోగం గురించి ఎవరో డాక్టరు చెప్పడం మొదలుపెట్టాడు.

"ఏం కాకా, మస్తుగ కనవడ్డవు," అన్నాడు మోటరు అన్న. "తెల్ల మీసం తళతళ మెరిసింది."

"నన్నెవరు చూసిన్రు?" అన్నాడు బాపు. "నన్ను చూసుకునేతందుకు ఇంట్ల అద్దం లేదా?"

జనం ఒక్కొక్కరే లేచి పోయారు. మా ఆవిడ చాయ్ పెట్టడానికి వెళ్లింది. బాపు పీట మీంచి లేవలేదు. కాసేపటికి తల ఎత్తి, స్టూలు మీద ఇంకా వేలాడుతున్న నన్ను చూశాడు.

"నువ్వు చూడలేదు గదరా."

"లేదు బాపు. ఎట్లున్నది తోట?"

ఆయన గొంతు సవరించుకుని, బావి గట్టు దగ్గర మొదలుపెట్టాడు. మొదటి సాలులో ఏముంది, రెండో సాలులో ఎన్ని తీగలు పైకెక్కాయి, ఎక్కడ వెదురు కర్ర విరిగితే వేప కొమ్మతో ముడేశాడు, నీళ్ల కాలువ ఎక్కడ మలుపు తిరిగింది, అన్నీ చెబుతూ పోయాడు. తెర మీద గొర్రెల డాక్టరు మాట్లాడుతూనే ఉన్నాడు. భుజం నొప్పి పుడుతూనే ఉంది. దిగమని బాపు అనలేదు, నాకూ దిగాలనిపించలేదు. కొమ్ము అలాగే పట్టుకుని, మూడో సాలు దాకా విన్నాను.