తోడేలు తలుపు తట్టగానే ఇంటర్వెల్

1982. న్యూజెర్సీలో ఎడిసన్‌కి దగ్గర్లోని ఒక చిన్న ఊళ్లో, మూడొందల సీట్ల సినిమా హాల్లో నేను ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. అంతకుముందు తెనాలిలో పదకొండేళ్లు ఇదే పని. నా భార్య సుశీల కింద పాప్‌కార్న్ కౌంటర్లో ఉండేది. హాలు ఓనరు ఫ్రాంక్ మంచివాడే కానీ, సినిమా ఆడకపోతే మాత్రం అతని ముఖం చూడలేం.

ఒక ఆదివారం మ్యాట్నీకి ఇంగ్లండ్ సినిమా ఒకటి వచ్చింది. తీసినావిడ పేరు పాలీన్, ముప్ఫై ఏళ్లుంటాయి. ఉన్న ఒక్క ప్రింటునూ వ్యానులో వేసుకుని ఊరూరూ తిరిగి తనే చూపించుకుంటోంది. రీళ్ల డబ్బాలు నాతో పాటు తనూ మెట్లెక్కి మోసింది. అప్పటికే రెండు ఊళ్లలో ఒక్క ఆటకే ఎత్తేశారట. "జనం లేచిపోతే సాయంత్రానికి పాత సినిమానే వేస్తాను" అని ఫ్రాంక్ ఆవిడ ముఖం మీదే చెప్పాడు. ఇక్కడా ఎత్తేస్తే డబ్బాలు సర్దుకుని లండన్ వెళ్లిపోవడమే అంది పాలీన్.

కథేమిటంటే, పౌర్ణమి వస్తే తోడేలైపోయే ఒక పల్లెటూరి పోస్ట్‌మాన్. పాపం, మహా మర్యాదస్తుడు. తోడేలయ్యాక కూడా తలుపు తట్టకుండా ఎవరింట్లోకీ వెళ్లడు. వెళ్లేటప్పుడు గేటు వేయడం మరిచిపోడు. ఆ తోడేలు తోలు చూస్తే పాత రగ్గు కత్తిరించి కుట్టినట్టుంది, వీపున జిప్పు కూడా కనిపిస్తోంది! మామూలుగా నేను ఇంగ్లీషు సినిమాలు చూడను, రీళ్లు చూసుకుంటానంతే. దీనికి ఇంగ్లీషుతో పనేముంది? బూత్‌లో ఒక్కణ్ణీ కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను.

కింద మాత్రం చడీచప్పుడూ లేదు. బూత్ కిటికీలోంచి తొంగి చూస్తే అందరూ పెళ్లిచూపులకొచ్చినట్టు బిగుసుకుని కూర్చున్నారు. పాలీన్ ఆఖరి వరసలో తల వంచేసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత మంచి సినిమాకి నవ్వరేం వీళ్లు!

రెండో రీలు చివరికొచ్చింది. ఒక్కో రీలు ఇరవై నిమిషాలు. ఒక మెషీన్ మీద రీలు అయిపోతుండగా రెండో మెషీన్ మీద తర్వాతిది అందుకోవాలి. దాన్ని చేంజోవర్ అంటారు. తెర కుడి పై మూల చుక్క పడగానే చెయ్యి కదలాలి. పైన ఒక మనిషున్నాడని జనానికి తెలియకూడదు, అదీ పనితనం. తెర మీద తోడేలు ఒక ముసలావిడ గుమ్మం ముందు నిలబడి, జుట్టు సవరించుకుని, తలుపు తట్టింది. లోపల ఆవిడ "వస్తున్నా" అంటూ గడియ మీద చెయ్యి వేసింది. చుక్క పడింది.

ఇలాంటి చోట తెనాలిలో ఏం చేసేవాణ్ణో అదే చేశాను. మెషీన్ ఆపేసి హాల్లో లైట్లన్నీ వేసేశాను.

అమెరికా హాళ్లలో ఇంటర్వెల్ ఉండదని, వేశాక గానీ గుర్తు రాలేదు. ఆ పిల్ల సినిమాని నా చేతులారా చంపేశాననుకుంటూ కిందికి పరుగెత్తాను. ఫ్రాంక్ మెట్ల దగ్గరే ఎదురయ్యాడు.

"ఏం తగలబడింది?"

"ఏమీ లేదు సర్. ఇంటర్వెల్."

"అంటే?"

నేను హాలు తలుపు వైపు చూశాను. అప్పటికే జనం లేచి బయటికొచ్చేస్తున్నారు. కౌంటర్ దగ్గర సుశీల మాత్రం కులాసాగా పొట్లాలు నింపుతోంది. తనకి తప్పు జరిగిందన్న అనుమానమే రాలేదు.

"ఏమండీ, ఇంటర్వెల్ ఉందని ముందే చెప్పొద్దూ? ఇంకో వాయి వేసుండేదాన్నిగా!" అంది.

"ఊరుకోవే, కొంప మునిగింది" అన్నాను.

అయితే వీధి తలుపు వైపు ఎవరూ వెళ్లలేదు. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన పక్కావిణ్ణి, "ఆ జిప్పు మీకూ కనిపించిందా?" అని మెల్లగా అడిగాడు. "కనిపించింది. నవ్వితే బాగుండదేమోనని ఊరుకున్నాను" అందావిడ. అది వినగానే పాలీన్ వాళ్ల మధ్యకొచ్చి నిలబడింది.

"ఆ సినిమా నేనే తీశాను. దయచేసి నవ్వండి. నవ్వడానికే తీశాను."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా!" అన్నాడు పెద్దాయన. లాబీ అంతా గొల్లుమంది.

నేను బూత్‌లోకి పరుగెత్తి మూడో రీలు వేశాను. ముసలావిడ తలుపు తీసింది. తోడేలును పైనుంచి కిందిదాకా చూసి, "కాళ్లు తుడుచుకుని రా" అంది. మెషీన్ల రొద కూడా వినపడనంతగా నవ్వారు. ఆఖరిదాకా అలాగే సాగింది.

ఆట అయ్యాక పాలీన్, ఫ్రాంక్ ఇద్దరూ పైకొచ్చారు. క్షమాపణ చెబుదామని నేను లేచి నిలబడ్డాను. పాలీన్ నా చేతులు పట్టుకుని, "రేపు కూడా అక్కడే ఆపుతారా?" అంది.

"ఆపుతాడు. ఈ వారమంతా ఆపుతాడు" అన్నాడు ఫ్రాంక్. నా ఇన్నేళ్ల సర్వీసులో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

చీకట్లో పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన జనం కలిసి చూస్తున్నట్టు కాదని నాకు ఆ రోజు తెలిసింది. పక్కవాడూ నవ్వుతాడన్న ధైర్యం ఉంటేనే మనిషి నవ్వుతాడు. ఆ హాల్లో పనిచేసినన్నాళ్లూ, కామెడీ సినిమా వస్తే రెండు నిమిషాలు ఆలస్యంగా లైట్లు ఆర్పేవాణ్ణి, ఒకరి ముఖాలొకరు చూసుకోనీ అని. ఫ్రాంక్ అడిగితే మెషీన్ వేడెక్కాలని చెప్పేవాణ్ణి.