ఒక్క మనిషినే గీయడం

పలకల మీద బొమ్మలు వేసే ఎవరిస్తో, తన అన్న కూతురి బొమ్మను గాజుపెంకుతో గీకేసి, ఆ చోట కుక్క బొమ్మ వేశాడు. కింద కుక్క పేరు కూడా రాశాడు. ఊరంతా చూసింది. ఎవరూ ఇదేమిటని అడగలేదు. నేనూ అడగలేదు.

పెరూ దేశంలో, అయకుచో కొండల్లో మా ఊళ్లో ఎవరు ఇల్లు కట్టుకున్నా, వాళ్ల బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించిన కొంపాద్రే ఒక పొడవాటి చెక్కపలక మీద బొమ్మలు వేయించి తెస్తాడు. దాన్ని పైకప్పు కింద కడతారు. అడుగున మేరీమాత, ఆపైన ఇంటివాళ్లు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పై కొసన సూర్యచంద్రులు. ముఖాలన్నీ ఒకేలా ఉంటాయి. చేతిలో ఏముందో, పక్కన ఎవరున్నారో చూసి మనిషిని గుర్తుపట్టాలి.

పలకలు వేయడంలో ఎవరిస్తోను మించినవాడు లేడు. కానీ కొడుకు ఇల్లు కట్టేనాటికి అతని చెయ్యి వణికిపోతోంది. అందుకని పలకంతా అన్న కూతురు సతుర్నీనాయే వేసింది. అమ్మానాన్నా ఎక్కిన బస్సు లోయలో పడ్డప్పటినుంచి ఆ పిల్ల ఆ ఇంట్లోనే పెరిగింది. ఆఖర్న తననూ వేసుకుంది, చేతిలో ఈక కుంచెతో.

"నిన్నెవరు వేసుకోమన్నారే?" ఎవరిస్తో అరుపు వీధిలోకి వినపడింది. "పెంచినంత మాత్రాన కూతురివైపోతావా?"

"ఇంట్లోవాళ్లందరూ ఉండాలన్నావు కదా చిన్నాన్నా."

"ఉంటారు. కుక్కను మర్చిపోయావు."

పలకను ఊరేగించిన రోజున తాగినవాడొకడు, "కుక్క బాగా కుదిరిందయ్యా ఎవరిస్తో, అచ్చం నీ పోలికే!" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. సతుర్నీనా తలెత్తకుండా గిన్నెల్లో మొక్కజొన్న కల్లు పోస్తూనే ఉంది. ఆ వారంలోనే లిమా బస్సెక్కింది.

రెండేళ్లకు నేనూ లిమా చేరాను. మా ఊరివాడొకడు నడిపే దుకాణంలో ఇద్దరం కలిసి పనిచేశాం. టూరిస్టులు సంచిలో వేసుకుపోయే జానెడు పలకలు చేసేవాళ్లం. ఆమె గీతలు గీసేది. నేను పావడాల్లో ఎరుపు నింపేవాణ్ణి. సంతకం యజమానిది.

ఆమెకు ఒకటే ధ్యాస. చిత్రకళ బడిలో చేరాలి, నూనెరంగులు నేర్చుకోవాలి, తన బొమ్మ కింద తన పేరుండాలి.

"ఈ పనికేం తక్కువ?" అన్నానొకసారి.

"నీకేం తక్కువ లేదా? పొద్దస్తమానం తిట్టుకుంటూనే నింపుతావు కదా."

ప్రవేశ పరీక్షలో ఒక ముసలాయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి గీయమన్నారు. విరామంలో మిగతావాళ్లు కిటికీల దగ్గరికి పోతే సతుర్నీనా ఆయన దగ్గరికి వెళ్లి మా కొండల కెచువా భాషలో పలకరించింది. "ఏ ఊరు తాతా? పిల్లలెందరు? ఏం పండిస్తారు?" పాపం, ఆయన్ను ఆ గదిలో ఎవరూ ఏమీ అడిగి ఉండరు. అన్నీ చెప్పాడు. ఆమె తిరిగొచ్చి ఆయన చుట్టూ భార్యను, చచ్చిపోయిన కొడుకును, బతికున్న ముగ్గురిని, గాడిదను, బంగాళాదుంపల మడిని వేసింది. పైన సూర్యుణ్ణి, చంద్రుణ్ణి వేసింది.

పరీక్ష పెట్టినాయన కాగితం పైకెత్తి, "ఇంతమంది ఎక్కడున్నారమ్మా? నాకొక్కడే కనిపిస్తున్నాడే!" అన్నాడు.

"ఒక్కణ్ణే వేస్తే ఆయనెవరో ఎట్లా తెలుస్తుంది సార్?"

"ఇది సంత కాదు. కనిపించింది గీస్తే చాలు."

ఎంపికైనవాళ్లలో ఆమె పేరు లేదు. ఈ సంగతి దుకాణంలో గీతలు గీస్తూ, ఎవరికో జరిగినట్టు చెప్పింది.

ఆ తర్వాత ఏడాదంతా ఆదివారాలు దూరప్రాంతాల బస్సులు ఆగే చోట గడిపింది. బెంచీల మీద ఒంటరిగా కూర్చున్నవాళ్లను గీసేది. ఎవరైనా మాట కలిపితే లేచి ఇంకో బెంచీకి పోయేది. మాట్లాడితే వాళ్లవాళ్లంతా కాగితంలోకి వచ్చేస్తారట. ఆదివారాల్లో మా ఊరివాళ్లమంతా ఒకచోట చేరి బంతాట ఆడి, వండుకుని తినేవాళ్లం. "పెయింటరమ్మగారికి మన వంట గొంతు దిగదులే" అని మొదట్లో ఎగతాళి చేశారు. తర్వాత పిలవడమే మానేశారు. ఆమె గది మా దారిలోనే ఉంది. నేనూ అక్కడ ఆగలేదు.

రెండోసారి పరీక్షలో ఎంపికైంది. దుకాణం మానేసింది. నేను మాత్రం ఎరుపు నింపుతూనే ఉన్నాను.

మూడేళ్ల తర్వాత, పోయిన ఆగస్టులో, మా అమ్మ ఊరినుంచి జున్నుగడ్డ తెచ్చి, సతుర్నీనాకు సగం ఇవ్వాల్సిందేనని పట్టుబడితే, అమ్మను ఆ గదికి తీసుకెళ్లాను. గది గోడలనిండా నూనెరంగుల బొమ్మలే. కాపలావాడు, నిమ్మకాయలమ్మే మనిషి, కూర్చునే నిద్రపోతున్న సైనికుడు. ఒక్కో బొమ్మలో ఒక్కో మనిషి. ప్రతిదాని కిందా ఆమె పూర్తి పేరు. చిత్రకళ గురించి పాత పుస్తకాల అంగళ్లలో దొరికినవన్నీ చదివినవాణ్ణి కనుక చెప్పగలను, అవి మంచి బొమ్మలు. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది.

అమ్మ ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, పక్కన ఎవరైనా ఉన్నారేమోనని వెతికింది. కడదాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"వీళ్లకెవరూ లేరా తల్లీ?"

సతుర్నీనా జున్నుగడ్డ కోస్తోంది.

"ఉండే ఉంటారు పిన్నీ. నేనే అడగడం మానేశాను."