రాకుండానే వచ్చిన డైరెక్టరు

1976. హైదరాబాదు పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో కంపెనీల చట్టం పనులు చూసే ఆఫీసు ఉండేది. అందులో నేను టైపిస్టును. ఏలూరు నుంచి వచ్చి సంతోష్‌నగర్‌లో కాపురం పెట్టాం.

మాకు పని ఇచ్చేవాళ్లలో ఒక గాజుల కంపెనీ ఉంది. అన్నదమ్ములిద్దరు, తమ్ముడి కొడుకు, అన్న భార్య అనసూయమ్మ డైరెక్టర్లు. బోర్డు మీటింగు అంటే మగవాళ్లు దుకాణం గద్దె మీద చాయ్ తాగుతూ మాట్లాడుకోవడమే. దానికి మినిట్స్, అంటే మీటింగులో ఏం జరిగిందో చెప్పే పత్రం, నేను కొట్టేదాన్ని. హాజరైనవారిలో అనసూయమ్మ పేరు ప్రతిసారీ ఉండేది. సంతకాల పుస్తకం ఆమె ఇంటికి వెళ్లి వచ్చేది. ఆరేళ్లలో మనిషిని ఒక్కసారీ చూడలేదు. "ఇంట్లో ఆడమనిషి, ఆవిడెందుకు వస్తుంది? వేసెయ్" అనేవారు మా సారు. వేసేశాను.

అన్న పోయాడు. ఏ రకం గాజు అమ్ముడుపోతుందో, ఎవరి లక్క మంచిదో ఇన్నాళ్లూ ఆయనకు చెప్పింది అనసూయమ్మేనట. కంపెనీ నేను చూసుకుంటానంది. అంతే, ఆ పుస్తకం ఇంటికి వెళ్లడం మానేసింది. వరసగా మూడు మీటింగులకు 'గైర్హాజరు' అని నాచేతే కొట్టించారు. అనుమతి లేకుండా మూడుసార్లు రాకపోతే డైరెక్టరు పదవి పోతుందని చట్టం. "నోటీసు పంపారా సార్?" అన్నాను. "పంపినట్టు రాయి" అన్నారు.

ఓ పొద్దున అనసూయమ్మ మా మెట్లెక్కి వచ్చింది. మరిది అక్కడే కూర్చుని ఉన్నాడు.

"గాజుల్లేని చేతులతోని గాజుల కంపెనీ నడుపుతవా వదినా? బజార్ల నవ్వుతరు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మాత్రం గొంతు పెంచలేదు.

"చేతులకు లేకుంటేంది, కండ్లున్నయి గద" అని నావైపు తిరిగింది. "బిడ్డా, ఆరేండ్లు నేను రాకున్నా వచ్చిన్నని రాస్తివి. ఇప్పుడు పిలువకుండనే రాలేదని రాస్తివి. గిదేం న్యాయం?"

డైరెక్టరు తొలగినట్టు కంపెనీల రిజిస్ట్రారుకు పంపే కాగితం మాత్రం కొట్టనని సారుకు చెప్పేశాను. సారు పక్క టైపిస్టుకు ఇచ్చారు. పది నిమిషాల్లో అయిపోయింది. ఆమె పదవి పోయింది.

ఆ మరిది మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. నా మీద ఇంకా ఎక్కువ. ఆడదాన్నయి ఉండి, రాని మనిషిని వచ్చినట్టు కొట్టిన మొదటి రోజే ఆమె కుర్చీ లాగేశాను.

తర్వాత ఏ ఆడమనిషి డైరెక్టరుగా సంతకం పెట్టడానికి వచ్చినా, "మీటింగు ఎక్కడ జరుగుతుందో మీకు తెలుసా?" అని అడిగేదాన్ని. సారు విసుక్కునేవారు. చాలామంది పక్కనున్న మగవాడి ముఖం చూసేవారు.